మేనత్త మెతుకు ముట్టింది

నాకు వంట నేర్పాలని చూసినవాళ్ళెవరూ బాగుపడలేదు. మా అమ్మ చూసింది, నా వీపు మీద రెండు గరిటెలు విరగ్గొట్టుకుంది. మా అత్తగారు చూశారు, ఏడాది తిరక్కుండానే దణ్ణం పెట్టి పొయ్యి దగ్గరికి తానే వెళ్ళిపోయారు. ఆవిడ పోయాక మా ఆయన నేర్చుకున్నారు గానీ నేను నేర్చుకోలేదు. విజయనగరం డిపోలో ముప్ఫై ఏళ్ళుగా బస్సు కండక్టర్ని. తెల్లారుజామున నాలుగున్నరకి ఖాకీ చొక్కా వేసుకుని బయల్దేరే మనిషికి పోపులో ఆవాలు ముందా మినప్పప్పు ముందా అన్న చింత ఉండదు. అలాంటి నేను ఏభై ఆరేళ్ళ వయసులో సెలవు పెట్టి జంషెడ్‌పూర్ వెళ్ళి వంట క్లాసులో చేరానంటే మా డిపోలో ఇప్పటికీ నవ్వుతారు. నవ్వనీ. ఆ ఐదు రోజుల్లో నేను చేసిన పని చెయ్యడానికి వాళ్ళలో ఒక్కడికీ గుండె చాలదు.

జంషెడ్‌పూర్ నాకు కొత్త కాదు. టాటానగర్ యార్డు పక్కన బాగ్‌బేరా రైల్వే క్వార్టర్లలో పుట్టాను. మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి రైల్వేలో గ్యాంగుమన్‌గా చేరాడు. నన్ను విజయనగరం ఇచ్చారు. తమ్ముడు అక్కడే ఉండిపోయి, రైల్వేలోనే చేరి, ఇప్పుడు ఇంజన్ల శెడ్డులో టెక్నీషియన్‌గా ఉన్నాడు. వాడికి ఒక్కతే కూతురు. ఇరవై ఏడేళ్ళు. సాక్చిలో ఒక క్లినిక్‌లో ఫిజియోథెరపిస్టు. మోకాళ్ళూ నడుములూ సరిచేసే పిల్ల, మాట మాత్రం ఎప్పుడూ తిన్నగా చెప్పదు. మనం తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెబుతుంది.

మొన్న డిసెంబరులో నేను ఊరికే పోలేదు. ఆ పిల్లకి సంబంధం పట్టుకుని వెళ్ళాను. మా డిపోలో నాతో పాతికేళ్ళు పనిచేసిన డ్రైవరు కొడుకు, కరెంటాఫీసులో ఉద్యోగం. ఫోటో చూపించాను, జాతకం ఇచ్చాను. తమ్ముడు ఫోటోని కిటికీ వెలుగులో పట్టుకుని చాలాసేపు చూసి, "నువ్వు సూసేవు కదప్పా, ఇంక నాకేటి సూసీది" అన్నాడు. సంబంధం ఖాయమనుకో, ఆదివారంలోగా కబురు చెబుతామని డ్రైవరుకి నేనే ఫోన్ చేశాను. పిల్లనడిగితే ఊఁ అనలేదు, ఊహూఁ అనలేదు. "దేఖేంగే" అంది. చూద్దాంలే అని. ఆడపిల్ల సిగ్గు అనుకున్నాను. ముప్ఫై ఏళ్ళు జనాన్ని చూసిన కళ్ళు ఇవి. ఏం చూశాయో నాకే తెలీదు.

ఆ మర్నాడు పొద్దున్నే పిల్ల నా పక్కన కూర్చుని, "అత్తా, ఘర్ మే బైఠ్ కే క్యా కరోగీ? ఇంట్లో ఊరికే కూర్చుంటే నాన్నకీ నీకూ రోజూ ఝగడా, పోట్లాట. నేను క్లినిక్‌కి ఛుట్టీ పెట్టాను. పర్సుడీహ్‌లో ఒక వంట క్లాస్ ఉంది, సంతాలీ వంటలు, ఇక్కడి ఆదివాసీలవి. ఐదు రోజులు. చలో" అంది.

"నాకేటి, వంటేటి?" అన్నాను.

తమ్ముడు డ్యూటీకి బయల్దేరుతూ గుమ్మంలో ఆగి నవ్వాడు. "ఏటే, మీ అత్త వంట నేర్సుకుంతాదా? బావ బతికిపోయేడు."

ఆ నవ్వు చూసి నాకు మండింది. వద్దన్న పని చెయ్యడం నాకు చిన్నప్పటినుంచీ ఉన్న జబ్బు. "నేర్సుకుంతాను. నీకే ముందు వండి పెడతాను, ఆస్పత్రి దగ్గర్లోనే ఉంది కదా" అని చెప్పి చీర మార్చుకున్నాను.

పర్సుడీహ్ బజారు దాటి ఆటో దిగి, సందులో కొంచెం నడవాలి. పెంకుటిల్లు. గోడల కింద భాగమంతా నల్లమట్టి, పైన ఎర్రమట్టి, మధ్యలో తెల్లటి పట్టీ. వాకిలి అలికి అద్దంలా ఉంది. క్లాసు చెప్పే ఆవిడ నర్సుగా చేసి రిటైరైన మనిషి. సన్నగా, కళ్ళజోడుతో, జుట్టు బిగించి ముడివేసుకుని ఉంది. మాతో పాటు కంపెనీ ఆఫీసర్ల క్వార్టర్ల నుంచి ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు వచ్చారు. వాళ్ళు వండిందానికంటే ఫోన్లో ఫోటోలు తీసుకున్నదే ఎక్కువ. టీచరమ్మ హిందీలో రెండు నియమాలు చెప్పింది. పిండి ఎవరిది వాళ్ళే దంచుకోవాలి. వండినవాళ్ళు ఇక్కడే, ఈ వాకిట్లోనే కూర్చుని తినాలి, మూట కట్టుకుపోవడం లేదు.

మొదటిరోజు ఆకు రొట్టె. నానబెట్టిన కొత్తబియ్యం దంచి, ఆ పిండిలో సన్నగా కొట్టిన కోడిమాంసం, వెల్లుల్లి, పచ్చిమిరపకాయ కలిపి, సాల్ ఆకుల మధ్య పరిచి నిప్పుల మీద కాల్చాలి. మా వైపు అడ్డాకుల్లాగే ఆ ఆకులకీ పుల్లలు గుచ్చి కుడతారు. దంచడానికి వాకిట్లో ఒక పొడుగాటి దూలం ఉంది. ఒక కొస కాలితో తొక్కితే రెండో కొస లేచి గుంటలోని బియ్యం మీద పడుతుంది. ఆఫీసర్ల భార్యలు పదిసార్లు తొక్కి ఆయాసపడ్డారు. నేను ఎక్కాను. కదిలే బస్సులో కడ్డీ పట్టుకోకుండా ముప్ఫై ఏళ్ళు నిలబడ్డ కాళ్ళు కదా, నలుగురి బియ్యమూ నేనే దంచేశాను. టీచరమ్మ కళ్ళజోడు పైకి జరిపి నన్ను చూసింది.

దంచడం వరకే నా ప్రతాపం. కాల్చేటప్పుడు నిప్పులు ఎగదోసి మంట పెట్టాను. ఆకు మాడిపోయి లోపల పిండి పచ్చిగా మిగిలింది.

"వెనక బస్సేమైనా వస్తోందా దీదీ? ఎవరు తరుముతున్నారు మిమ్మల్ని?" అంది ఆవిడ.

నేను కండక్టర్నని అప్పటికి ఆవిడకి చెప్పలేదు. పిల్ల చెప్పి ఉంటుందిలే అనుకున్నాను. ఎప్పుడు చెప్పింది, ఎందుకు చెప్పింది అని ఆలోచించలేదు. నా మాడిన రొట్టె నాకే పెట్టింది. నియమం నియమమే అంది. పట్టుదలకొచ్చి ముక్క మిగల్చకుండా తిన్నాను. మాడిన అంచు తీసేస్తే బాగానే ఉంది.

రెండోరోజు మునగాకు గంజి. మూడోరోజు కుద్రుమ్ పచ్చడి. ఎర్రటి కాయరేకులు, పుల్లగా. రాయి మీద వెల్లుల్లితో నూరుతుంటే ఆ వాసనకి నాకు మా అమ్మ గుర్తొచ్చి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "ఇది మా గోంగూరే!" అని అరిచాను. ఆవిడ నమ్మలేదు. ఆకు చూపించమన్నాను. పెరట్లోంచి ఒక రెమ్మ తెచ్చింది. నోట్లో వేసుకుని నమిలాను. గోంగూరకి తోడబుట్టిందే, సందేహం లేదు. "మేము ఆకు తింటాం, మీరు పువ్వు తింటారు" అన్నాను. "అయితే సగం మొక్క పారేస్తున్నారన్నమాట" అంది ఆవిడ. ఒక్క మాటకూడా పడనివ్వదు. నాకు నచ్చింది. మా ఊళ్ళో ఆడవాళ్ళతో మాట్లాడితే మాట్లాడినట్టే ఉండదు నాకు, వాళ్ళు కోడళ్ళ గురించి చెబుతారు, నేను ఊరుకుంటాను. ఈవిడతో మాత్రం మూడురోజులూ పొయ్యి దగ్గర ఒకటే పోట్లాట, ఉప్పు మీద, నీళ్ళ మీద, నిప్పు మీద. హాయిగా ఉండేది.

నాలుగోరోజు మధ్యాహ్నం తెలిసింది.

చిన్నచేపల కూర వండి, మేమంతా చాపల మీద తినడానికి కూర్చున్నాం. ఆవిడ కొడుకు భోజనానికి ఇంటికొచ్చాడు. ముప్ఫై లోపు మనిషి. మెడలో క్లినిక్ వాళ్ళ గుర్తింపు కార్డు, అదే రంగు తాడు, మా పిల్ల క్లినిక్‌కి వెళ్ళేటప్పుడు వేసుకునేది. నాకు నమస్తే చెప్పాడు. ఆఫీసర్ల భార్యలకి చెప్పాడు. మా పిల్లకి చెప్పలేదు. మా పిల్ల తల ఎత్తలేదు. అతను ఆ చివర కూర్చున్నాడు, ఈమె ఈ చివర. ఇద్దరూ చెరో గోడ చూస్తూ తిన్నారు.

బస్సులో ఇలాంటివాళ్ళని ఎంతమందిని చూశాను! ఒకే స్టాపులో ఎక్కుతారు, వేరే వేరే సీట్లలో కూర్చుంటారు, చెరో కిటికీలోంచి చూస్తారు. మిగతా బస్సంతా ఒకళ్ళనొకళ్ళు చూసుకుంటుంది, వాళ్ళిద్దరూ తప్ప. టిక్కెట్టు కొట్టేటప్పుడే నాకు తెలిసిపోతుంది. నా మేనకోడలి విషయంలో నాలుగు రోజులు పట్టింది. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడని ఊరికే అనలేదు.

తిరిగొచ్చే ఆటోలో ఇద్దరమే ఉన్నాం. "ఎన్నాళ్ళనుంచి?" అన్నాను.

"క్యా?"

"ఇందీ కట్టిపెట్టి సరిగ్గా సెప్పు. ఎన్నాళ్ళనుంచి?"

"నాలుగేళ్ళు అత్తా."

"మరి నేను ఫోటో ఇచ్చినప్పుడు నోట్లో ఏటెట్టుకున్నావు?"

"నువ్వు ఎప్పుడైనా అడిగావా? ఫోటో ఇచ్చి బాగున్నాడు కదా అన్నావు. నాన్నకి చెప్తే మాట్లాడడం మానేస్తాడు. అమ్మకి చెప్తే ఏడుస్తుంది. నువ్వొక్కదానివే..." అని ఆగి, "నువ్వు ఆవిడని చూడాలి అనుకున్నాను. వంటింటి దగ్గర చూస్తే మనిషి తెలుస్తుంది కదా" అంది.

చెంప పగలగొడదామనిపించింది. నాకు కోపం వచ్చింది అతని కులం మీద కాదని అబద్ధం చెప్పను. అది కొంచెం ఉంది. చిన్నప్పుడు బాగ్‌బేరాలో మా అమ్మ సంతాలీల పిల్లలతో ఆడనిచ్చేది, వాళ్ళింట్లో తిననిచ్చేది కాదు. ఆ మాట ఎక్కడో నాలోనూ ఉండిపోయింది. కానీ ఎక్కువ కోపం నన్ను వెర్రిదాన్ని చేసి నాలుగు రోజులు తిప్పినందుకు. డ్రైవరుకి మాటిచ్చాను నేను. పాతికేళ్ళ స్నేహం.

మా వైపు ఒక పద్ధతుంది. సంబంధం మాట తేలకముందు ఒక తరఫు పెద్దలు రెండో తరఫు ఇంట్లో మెతుకు ముట్టరు. మంచినీళ్ళు తాగుతారు, బలవంతపెడితే టీ తాగుతారు. అన్నం ముందు కూర్చున్నారంటే మాట ఇచ్చినట్టే. అందులోనూ మేనత్త. ఆడబడుచు అర్ధమొగుడంటారు మాలో, అన్నదమ్ముల ఇంటి ఆడపిల్ల పెళ్ళిలో ఆమె మాటకి ఉన్న బరువు పిల్ల తల్లి మాటకి కూడా ఉండదు. అలాంటి మేనత్తని, నేను, నాలుగు రోజులు వరసగా ఆ వాకిట్లో బాసింపట్టు వేసుక్కూర్చుని రెండేసిసార్లు వడ్డించుకుని మరీ తిన్నాను. పిల్లకి ఈ పద్ధతి తెలుసా అని అడిగాను. తెలీదంది. ఇక్కడ పుట్టి పెరిగిన పిల్ల, ఎవరు చెప్పారు గనక.

ఐదోరోజు పిల్లని ఇంట్లో ఉండమని చెప్పి ఒక్కదాన్నే వెళ్ళాను. మిగతా ఇద్దరూ రాకముందే, గంట ముందు. టీచరమ్మ పొయ్యి అంటిస్తోంది.

"వంట నేర్పుతానని పిలిచి ఇదా మీరు చేసింది?" అన్నాను. హిందీలో తిట్లు నాకు బాగా వచ్చు. బాగ్‌బేరా వీధుల్లో నేర్చుకున్నవి. అవి నాలిక చివరిదాకా వచ్చాయి.

ఆవిడ లేవలేదు. "తెలిసిందా? మొదటిరోజే తెలుస్తుందనుకున్నాను" అంది. "మీ పిల్ల నన్ను చూడడానికి వస్తానని రెండేళ్ళ నుంచి అడుగుతోంది. ఒక్కదానివే రావద్దన్నాను. పెద్దవాళ్ళతో రా, లేకపోతే రాకు అన్నాను. మిమ్మల్ని తీసుకొచ్చింది."

"పెద్దవాళ్ళకి చెప్పి తీసుకురావాలి గాని, దొంగతనంగానా?"

"నా కొడుకు నన్నడిగాడు. ఇక్కడే, ఈ పొయ్యి దగ్గర, నా ముఖం చూసి అడిగాడు. మీ పిల్ల మిమ్మల్ని అడగడానికి భయపడి వంట క్లాసుకి తీసుకొచ్చింది. ఎందుకు భయపడిందో నన్నడుగుతారేంటి?"

ముప్ఫై ఏళ్ళలో నా నోరు మూయించిన ప్రయాణికుడు లేడు.

ఆవిడే మళ్ళీ అంది. "మీ వాళ్ళకే ఉందనుకోకండి పట్టింపు. మా ఊరిపెద్దలు నన్ను కూర్చోబెట్టి అడిగారు. బయటి పిల్లని తెస్తే ఎలా అన్నారు. మా ఆయన అన్నదమ్ములు ఇద్దరు మా ఇంట్లో నీళ్ళు తాగడం మానేశారు. పండక్కి కూడా రాలేదు."

"మరి మీరేమన్నారు?"

"నీళ్ళు మాకు బోలెడున్నాయి, తాగేవాళ్ళు తాగుతారు అన్నాను."

నేను పొయ్యి పక్కన పీట మీద కూలబడ్డాను. మనిషి నాలాంటిదే, అదే వచ్చిన చిక్కు. ఇంకెవరైనా అయితే తిట్టి వచ్చేసేదాన్ని. కాసేపటికి ఇద్దరం లేచి పని చేసుకున్నాం. ఆవిడ అన్నం, కూర పొయ్యి మీద పెట్టి ఆకులు కుట్టింది, నేను పిండి కలిపాను. ఈసారి నిప్పులు ఎగదొయ్యలేదు. ఆకు అంచులు గోధుమరంగు తిరిగేదాకా కదలకుండా కూర్చున్నాను. మిగతా ఇద్దరూ వచ్చారు, ఫోటోలు తీసుకున్నారు, చివరిరోజని ఆవిడకి చీర పెట్టి, ఏదో పార్టీ ఉందంటూ ఆ రోజు నియమం తప్పించుకుని తొందరగా వెళ్ళిపోయారు.

ఆవిడ నా ముందు విస్తరి వేసింది. గరిటె తీసింది. అప్పుడు నేను చెప్పాను మా పద్ధతి. నాలుగు రోజులు తెలీక తిన్నాను, తెలీక చేసినదానికి తప్పు లేదు, ఎవరికైనా చెప్పుకుని బయటపడొచ్చు. ఈ రోజు తెలిసి కూర్చున్నాను. ఈ రోజు తింటే మాట ఇచ్చినట్టు.

గరిటె ఆవిడ చేతిలో గాల్లోనే ఆగిపోయింది. మొదటిసారి ఆవిడ గొంతులో బెదురు విన్నాను.

"అయితే వడ్డించమంటారా, వద్దంటారా?"

తమ్ముడు గుర్తొచ్చాడు. డ్రైవరు గుర్తొచ్చాడు. ఊళ్ళో మా పెదనాన్న కొడుకులు, వాళ్ళ పెళ్ళాలు, పెళ్ళిళ్ళలో చెవులు కొరుక్కునే వాళ్ళ నోళ్ళు గుర్తొచ్చాయి. భయం వేసింది. గోడ చూస్తూ తింటున్న పిల్ల ముఖం కూడా గుర్తొచ్చింది. నాలుగేళ్ళు అలా గోడలు చూసి తినడమంటే ఏమిటో అనిపించింది.

"వడ్డించండి. కూర కొంచెం ఎక్కువ వెయ్యండి" అన్నాను.

ఆ సాయంత్రం తమ్ముడు డ్యూటీ దిగి వచ్చి, కాళ్ళు కడుక్కుని, టీ తాగే వరకూ ఆగాను. పిల్లని లోపలి గదిలో ఉండమన్నాను. మరదలు వంటగది గుమ్మంలో నిలబడి చిక్కుళ్ళు వలుస్తోంది. దాచకుండా మొత్తం చెప్పాను.

తమ్ముడు గ్లాసు కింద పెట్టాడు.

"ఆ సంబంధం నువ్వే కదప్పా తెచ్చేవు" అన్నాడు.

"నేనే తెచ్చేను. నేనే తీసికెల్తాను."

"వాల్లు మంచోల్లు కాదని నేననను. శెడ్డులో నా పక్కన పన్జేసీవోల్లు సగంమంది వాల్లే. డ్యూటీ ఏరు, పొత్తు ఏరు."

"పొత్తు నేదా? పదేల్లనుంచి డబ్బా విప్పి నీ కూర వాల్లకెట్టి, వాల్ల కూర నువ్వు తింతన్నావు. నీ పెల్లామే సెప్పింది నాకు. నీ డబ్బాలో పొత్తుకి లేని మైల, నీ కూతురు పెల్లికొచ్చిందా?"

"నేను మొగోన్ని, బయట తింతాను. అది ఏరు. ఊర్లో ఎవుడికేటి సెప్పమంతావు? మన పెదనాన్న కొడుకులకి ఏటి సెప్పమంతావు?"

"నన్నడగమని సెప్పు."

వాడు గొంతు తగ్గించాడు. నన్ను బతిమాలుకుంటున్నాడని అర్థమై బాధేసింది. "అప్పా, నువ్వు తెలీక తిన్నావు. దోసం నేదు. నేను ఎవుల్కీ సెప్పను. ఆ మాట ఇక్కడితో ఒగ్గీ."

"నాలుగు రోజులు తెలీక తిన్నాన్రా. ఈయేల తెలిసి తిన్నాను."

అప్పుడే, ఆ వేడి తగ్గకముందే, ఫోన్ తీసి డ్రైవరుకి కలిపాను. తమ్ముడికి వినబడేలా పెద్ద గొంతుతోనే మాట్లాడాను. "అన్నయ్యా, ఏమీ అనుకోకు. మీ అబ్బాయి బంగారం. మా పిల్లకి ఇక్కడే కుదిరిపోయింది. మేనత్తని, నేనే తినొచ్చేను" అన్నాను. అవతల అతను "మాటిచ్చి ఇదేటి సెల్లెమ్మా" అని ఫోన్ పెట్టేశాడు. ఆ తరవాత ఆరునెలలు డిపోలో నన్ను చూసి ముఖం తిప్పుకున్నాడు. న్యాయమే. తప్పు నాది, పడ్డాను.

తమ్ముడు లేచి నిలబడ్డాడు. "అడుసు తొక్కీసి మాకు కాల్లు కడగమంతన్నావు" అన్నాడు.

"నీ పెల్లి మాటలకి పలాస ఎల్లినప్పుడు గుర్తుందా? మే నెల ఎండలో పొద్దున్నించీ మంచినీల్లతో కూకున్నాం. నాన్న మాటియ్యగానే అన్నం ముందు కూకున్నది ఎవులు? నేను. ఆ పూట నేను ఇస్తరి ముందునుంచి లేచుంటే ఈ గుమ్మంలో నిలబడ్డ మనిషి నీకు లేదు. ఆ రోజు నా మెతుకు సెల్లింది. ఈ రోజు సెల్లదా?"

అప్పటిదాకా తల వంచుకుని చిక్కుళ్ళు వలుస్తున్న మరదలు తలెత్తింది. కళ్ళ నిండా నీళ్ళున్నాయి. ఏడుస్తుందని పిల్ల చెప్పింది నిజమే. ముక్కు చీదుకుని, కొంగుతో తుడుచుకుని, నా వైపు చూసి అడిగింది.

"వదినా, వాల్లు ఏటెట్టేరు?"

పెళ్ళివారింటికి వెళ్ళొచ్చినవాళ్ళని ఇంటి ఆడవాళ్ళు మొదట అడిగే మాట అది. తమ్ముడు పెళ్ళాం వైపు చూశాడు, నా వైపు చూశాడు, చొక్కా వేసుకుని బయటికి వెళ్ళిపోయాడు. నేను మరదలి పక్కన నేల మీద కూర్చుని, ఆకులో కాల్చిన రొట్టె నుంచి ఎర్ర పచ్చడి దాకా అన్నీ చెప్పాను. లోపలి గదిలోంచి పిల్ల కూడా వచ్చి కూర్చుంది. తరవాత ముగ్గురమూ చిక్కుళ్ళు వలిచాం.

తమ్ముడు మూడు రోజులు నాతో మాట్లాడలేదు. అన్నం తిన్నాడు, డ్యూటీకి వెళ్ళాడు, వచ్చాడు. కూతురితోనూ మాట్లాడలేదు. నేను తగ్గలేదు. పొద్దున్నే వాడి ఎదురుగా కూర్చుని పేపరు పెద్దగా చదివాను. వాడు పేపరు లాక్కోలేదు, అంతవరకూ మర్యాద.

నా రైలు మంగళవారం మధ్యాహ్నం. స్టేషనుకి వాడే తెచ్చాడు, స్కూటరు మీద, మాట లేకుండా. నా సంచీ సీటు కింద తోసి, నీళ్ళ సీసా కొని చేతికిచ్చి దిగిపోయాడు. వెళ్ళిపోతాడనుకున్నాను. కిటికీ దగ్గరికి వచ్చి కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. ప్లాట్‌ఫారం చివర ఎక్కడో చూస్తున్నాడు. సిగ్నల్ పడింది. అప్పుడు అడిగాడు.

"అప్పా, ఆల్లింట్లో నేల మీదే కూకోవాలా? నా మోకాలు వంగదు."

నాకు నవ్వొచ్చింది. కానీ వాడికి నేనేమీ చూపించలేదు. ఇన్ని రోజులు నన్ను ఏడిపించినవాడికి అంత తేలిగ్గా కుర్చీ ఎందుకు వెయ్యాలి?

"నేల మీదేరా. వంగకపోతే నీ కూతురు వంచుతాది. అది సదివిన సదువే అది" అన్నాను.

రైలు కదిలింది.